అంగిలి కుట్లు నిలవాలంటే

మన గుంటూరు, ప్రకాశం ప్రాంతపు సంఘాల్లో గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డను ఎరుగనివారు అరుదు. పై పెదవి చీలి ఉంటే కాన్పు గదిలోనే అందరికీ తెలుస్తుంది. లోపల అంగిలి ఒక్కటే చీలి ఉంటే మాత్రం, తాగిన పాలు బిడ్డ ముక్కులోంచి కారేదాకా చాలాసార్లు ఎవరికీ తెలియదు. పెదవి చీలిక గాని, అంగిలి చీలిక గాని, రెండూ కలిసి గాని ప్రపంచం మొత్తం మీద సుమారు 700 మంది శిశువుల్లో ఒకరికి ఉంటుందని వైద్యులు చెబుతున్నారు.

దీనికి ఆపరేషన్ ఉందని, అది ఉచితంగా కూడా జరుగుతుందని ఇప్పుడు చాలా గ్రామాలకు తెలిసింది. అది సంతోషించవలసిన సంగతే. అయితే దాని వెంట మరొక సంగతి ఉంది. ఆపరేషన్ అయిన పిల్లల్లో కొందరికి కుట్లు విడిపోతాయి. అంగిలిలో చిల్లు పడుతుంది. పాలు మళ్లీ ముక్కులోకి వస్తాయి. మాట ముక్కుతో పలికినట్లే ఉండిపోతుంది. అప్పుడు ఇరుగుపొరుగువారు, "అంత దూరం పోయి కోయించినా ఏం లాభం లేకపోయింది" అంటారు. ఆ మాట చెవిన పడిన మరొక తల్లి తన బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్లడానికే జంకుతుంది.

ఈ చిక్కులు ఊరకే రావు. వాటికి కారణాలున్నాయి. కొన్ని కారణాలు మన చేతిలో లేవు. కొన్ని డాక్టరు చేతిలో ఉన్నాయి. మరికొన్ని ఇంటివారి చేతిలో, సంఘం చేతిలో ఉన్నాయి. ఏది ఎవరి చేతిలో ఉందో తెలిస్తే భయమూ తగ్గుతుంది, నష్టమూ తగ్గుతుంది. ఈ నెల మా పాఠక కుటుంబాల ముందు ఆ సంగతినే ఉంచదలచాము.

ముందుగా తల్లిమీది నింద తీసివేద్దాం

మన భాషలో ఈ లోపానికి ఉన్న పేరే తల్లికి శిక్షగా మారింది. గ్రహణం పట్టినప్పుడు గర్భిణి బయటికి వచ్చిందని, కత్తిపీట ముందు కూర్చుని కూర తరిగిందని, అందుకే బిడ్డకు మొర్రి వచ్చిందని ఇప్పటికీ అంటుంటారు. విశ్వాసుల ఇళ్లలో కూడా ఈ మాట వినబడటం విచారకరం.

నిజమేమిటంటే, బిడ్డ పెదవి గర్భం దాల్చిన 4వ వారానికీ 7వ వారానికీ మధ్య ఏర్పడుతుంది. అంగిలి 6వ వారానికీ 9వ వారానికీ మధ్య రెండు వైపులనుంచి వచ్చి కలుసుకుంటుంది. ఆ రోజులకు చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని కూడా సరిగా తెలియదు. ఆ కలయిక జరగకపోవడానికి వంశపారంపర్యం, ఫోలిక్ ఆమ్లం లోపం, పొగాకు పొగ, తల్లికి ముందునుంచీ ఉన్న చక్కెర వ్యాధి, మూర్ఛకు వాడే కొన్ని మందులు వంటివి తోడవుతాయి. చాలామంది పిల్లల్లో ఫలానా కారణమని వేలుపెట్టి చూపలేము. ఆకాశంలో సూర్యచంద్రులకు దీనితో ఏ సంబంధమూ లేదు.

పుట్టుగుడ్డివానిని చూచి శిష్యులు ప్రభువును ఏమడిగారో యోహాను సువార్త 9వ అధ్యాయంలో చదువుతాము. పాపం వానిదా, కన్నవారిదా అని వారు అడిగారు. ప్రభువు ఆ రెండింటినీ కాదన్నాడు. అక్కడితో ఆగక, వాని కన్నుల విషయమై చేయవలసిన పని చేశాడు. మనమూ నేరస్థుల కోసం వెదకడం మాని చేయవలసిన పని చూద్దాము. నింద మోస్తున్న తల్లి బిడ్డను దాచిపెడుతుంది. దాచిన బిడ్డకు ఆపరేషన్ ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యమే చిక్కులు పెరగడానికి ఒక కారణం.

అంగిలి ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

అంగిలి ముందు భాగం ఎముకతో గట్టిగా ఉంటుంది. వెనుక భాగం కండరంతో మెత్తగా ఉంటుంది. మింగేటప్పుడు, మాట్లాడేటప్పుడు ఆ మెత్తటి భాగం పైకి లేచి ముక్కు దారిని మూసివేస్తుంది. అందువల్లనే అన్నం ముక్కులోకి పోదు. ప, బ, క, గ వంటి అక్షరాలు స్పష్టంగా పలుకుతాయి.

చీలిన అంగిలిని కలపడానికి డాక్టర్లు వేరొకచోటి చర్మం తెచ్చి అతికించరు. సాధారణంగా ఇరుపక్కల ఉన్న పొరనే జాగ్రత్తగా లేపి, మధ్యకు జరిపి కుడతారు. ముక్కు వైపు ఒక పొర, నడుమ కండరం, నోటి వైపు మరొక పొర కలుస్తాయి. చాలని గుడ్డతో రవికె కుట్టినప్పుడు కుట్టు దగ్గర ఎలా లాగుతుందో ఆలోచించండి. ఇక్కడా అంతే. చీలిక వెడల్పుగా ఉంటే పొరలను ఎక్కువగా లాగవలసి వస్తుంది. లాగిన చోట రక్తప్రసారం తగ్గుతుంది. రక్తం అందని అంచు మానదు. అక్కడే కుట్టు విడిపోయి చిల్లు పడుతుంది. గట్టి అంగిలి, మెత్తటి అంగిలి కలిసే చోట ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

వేర్వేరు దేశాల నివేదికలను కలిపి 2014, 2015 సంవత్సరాల్లో ప్రచురించిన సమీక్షల ప్రకారం, అంగిలి ఆపరేషన్ అయిన పిల్లల్లో నూటికి సుమారు 5 నుంచి 9 మందికి చిల్లు పడింది. అంటే 90 మందికి పైగా పిల్లల్లో కుట్లు నిలిచాయన్నమాట. చిల్లు పడినవారి సంగతి ఊరంతా చెప్పుకుంటుంది. నిలిచినవారి సంగతి ఎవరూ చెప్పుకోరు.

మన చేతిలో లేనివి

చీలిక ఎంత వెడల్పుగా ఉందన్నది మొదటి సంగతి. పెదవి, చిగురు, అంగిలి రెండు వైపులా పూర్తిగా చీలిన పిల్లలకు చిల్లు పడే అవకాశం, మెత్తటి అంగిలి మాత్రమే చీలిన పిల్లలకన్న ఎక్కువ. ఇది ఎవరి తప్పూ కాదు.

రెండవది, అంగిలి చీలికతోపాటు ఉండే ఇతర లోపాలు. కొందరు పిల్లలకు గుండెలో రంధ్రం ఉంటుంది. కొందరికి కింది దవడ చాలా చిన్నదిగా ఉండి నాలుక వెనక్కి పడిపోతుంటుంది. దీనిని డాక్టర్లు పియర్ రోబిన్ స్థితి అంటారు. అటువంటి బిడ్డకు మత్తు ఇచ్చేటప్పుడు, ఆపరేషన్ తరువాత మొదటి రాత్రి ఊపిరి అందడం కష్టమవుతుంది. కాబట్టి బిడ్డ నిద్రలో గురకపెట్టినా, పాలు తాగుతూ నీలంగా మారినా, ఏడిస్తే ఆయాసపడినా ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. "చెబితే ఆపరేషన్ చేయరేమో" అని దాచడం ప్రమాదకరం. చెబితే దానికి తగిన ఏర్పాటు చేసుకొని చేస్తారు.

మూడవది, ఆపరేషన్ చేసే చేతులు. ఇది సగం మన చేతిలో ఉంది. అంగిలి ఆపరేషన్లు తరచుగా చేసే సర్జన్ల వద్ద చిక్కులు తక్కువని అనేక నివేదికలు తెలుపుతున్నాయి. చిన్నపిల్లలకు మత్తు ఇవ్వడంలో అలవాటున్న డాక్టరు, రాత్రంతా కనిపెట్టి ఉండే నర్సులు, తరువాత మాట నేర్పే నిపుణులు ఉన్న ఆస్పత్రిని ఎంచుకోవాలి. "ఇక్కడ అంగిలి ఆపరేషన్లు ఎన్ని చేస్తారు? చిల్లు పడితే మళ్లీ మీరే చూస్తారా? మాట నేర్పేవారు ఉన్నారా?" అని అడగడం అమర్యాద కాదు. మంచి డాక్టరు ఆ ప్రశ్నలకు సంతోషంగా జవాబు చెబుతాడు.

ఏ వయసులో చేయించాలి?

పెదవికి ఆపరేషన్ సాధారణంగా 3 నుంచి 6 నెలల మధ్య చేస్తారు. పాతకాలపు డాక్టర్లు దీనికి ఒక పదుల లెక్క పెట్టుకున్నారు. బిడ్డకు 10 వారాలు నిండాలి, బరువు 10 పౌన్లు, అంటే నాలుగున్నర కిలోలు ఉండాలి, హీమోగ్లోబిన్ 10 గ్రాములు ఉండాలి. అంగిలికి మన దేశంలో ఎక్కువగా 9 నెలలకూ ఏడాదిన్నరకూ మధ్య చేస్తారు. మాటలు కూడబలుక్కునే వయసుకు ముందే అంగిలి మూసుకోవాలన్నది ఉద్దేశం.

2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద పరిశోధన వెలువడింది. బ్రిటన్, డెన్మార్క్, నార్వే, స్వీడన్, బ్రెజిల్ దేశాల్లో అంగిలి మాత్రమే చీలిన 558 మంది శిశువులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు 6 నెలలకు, మరొక గుంపుకు 12 నెలలకు ఆపరేషన్ చేశారు. 5 ఏళ్ల వయసులో చూస్తే, మాట్లాడేటప్పుడు అంగిలి సరిగా మూసుకోని పిల్లలు మొదటి గుంపులో నూటికి సుమారు 9 మంది, రెండవ గుంపులో 15 మంది ఉన్నారు.

అలాగని మన ఊళ్లో నీరసంగా ఉన్న ఆరు నెలల బిడ్డను తొందరపడి తీసుకెళ్లమని దీని అర్థం కాదు. ఆ పరిశోధనలోని పిల్లలు వేరే జబ్బులేమీ లేని ఆరోగ్యవంతులు. పసిపిల్లల మత్తుకు కావలసిన ఏర్పాట్లన్నీ అక్కడ ఉన్నాయి. మనకు అందులోని పాఠం ఒక్కటే: బిడ్డను బలపరచడానికి పుట్టిన రోజునుంచే మొదలుపెట్టాలి గాని, "పెద్దయ్యాక చూద్దాం" అని ఏళ్లు గడపకూడదు. వయసు మీరిన తరువాత చేసిన ఆపరేషన్ వల్ల మాట పూర్తిగా బాగుపడటం కష్టం. అయినా పెద్దవారికి ఆపరేషన్ వద్దని కాదు. తిండి, నీళ్లు ముక్కులోకి రాకుండా ఉండటమే వారికి గొప్ప మేలు.

ఆపరేషన్‌కు ముందు ఇంట్లో చేయవలసినవి

మొదటిది రక్తం, బరువు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలలు దాటి అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది. అంగిలి చీలిన బిడ్డ సరిగా పాలు పీల్చలేడు గనుక అతనికి ఇంకా ఎక్కువ ప్రమాదం. రక్తం తక్కువైన బిడ్డ ఆపరేషన్‌లో కొద్దిపాటి రక్తం పోయినా తట్టుకోలేడు. ఒంట్లో సత్తువ లేని బిడ్డ గాయం త్వరగా మానదు.

పాలు పీల్చలేడని తల్లిపాలు మాన్పించవద్దు. పాలు పిండి, శుభ్రంగా ఉడకబెట్టిన ఉగ్గుగిన్నెతోనో చిన్న గ్లాసుతోనో చెంచాతోనో పట్టవచ్చు. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె ఈ పిల్లలకు ఎంతో అనుకూలమైన వస్తువు. బిడ్డను పడుకోబెట్టి పట్టకూడదు. ఒడిలో దాదాపు కూర్చోబెట్టినట్లు పట్టుకొని, కొద్దికొద్దిగా పోస్తూ, మధ్యమధ్య భుజాన వేసుకొని తేన్పు వచ్చేలా వీపు తట్టాలి. ముక్కులోంచి కాస్త పాలు వచ్చినా కంగారు పడనవసరం లేదు. ఆరు నెలలు నిండాక రాగిజావ, పప్పుకట్టు, మెదిపిన గుడ్డు, మెత్తగా ఉడికించిన ఆకుకూర, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం మొదలుపెట్టాలి. ఇనుము మందు డాక్టరు చెప్పిన మోతాదులో ఇవ్వాలి. నెలనెలా తూకం వేయించి కార్డుమీద రాయించుకోవాలి.

రెండవది జలుబు, దగ్గు. ఆపరేషన్ రోజుకు బిడ్డకు జలుబుగాని జ్వరంగాని ఉంటే మత్తులో ఊపిరి చిక్కులు ఎక్కువవుతాయి. తరువాత దగ్గి దగ్గి కుట్లకు ఒత్తిడి తగులుతుంది. డాక్టరు వాయిదా వేస్తే, "కూలి మానుకొని ఇంత దూరం వచ్చామే" అని బతిమాలవద్దు. ఆ వాయిదా బిడ్డ మేలుకే. ఇంట్లో చుట్ట, బీడీ, సిగరెట్ పొగ, కట్టెల పొయ్యి పొగ బిడ్డకు తగలకుండా చూడాలి. మన ప్రాంతంలో మాఘ, ఫాల్గుణ మాసాలనుంచి ఎండాకాలం వరకు కళ్లాల్లో మిరపకాయలు ఎండుతుంటాయి. ఆ ఘాటుకు పెద్దలే తుమ్ముతారు, దగ్గుతారు. ఆపరేషన్‌కు ముందు మూడు నాలుగు వారాలు, తరువాత మూడు వారాలు బిడ్డను కళ్లం దరికి తీసుకుపోవద్దు.

మూడవది ఆపరేషన్ నాటి పస్తు. మత్తు ఇచ్చినప్పుడు కడుపులో పాలుంటే, అవి వాంతయి ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణాపాయం. సాధారణంగా అన్నం, పోతపాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపమంటారు. మీ డాక్టరు చెప్పిన వేళలే మీకు ప్రమాణం. బిడ్డ ఏడుస్తున్నాడని నాయనమ్మ జాలిపడి చాటుగా రెండు చెంచాల పాలు పోస్తుంది. ఆ జాలి ఎంత ప్రమాదమో ఇంట్లో అందరికీ ముందుగానే చెప్పి ఉంచాలి. పొరపాటున పట్టి ఉంటే దాచకుండా చెప్పాలి.

ఆస్పత్రిలో మొదటి రెండు రోజులు

మొదటి 24 గంటల్లో కనిపెట్టవలసినవి రెండు: రక్తం, ఊపిరి. ఉమ్మిలో కొద్దిగా ఎర్రజీర కనిపించడం మామూలే. కాని నోటివెంట తాజా రక్తం కారుతున్నా, బిడ్డ నిద్రలో పదేపదే గుటకలు వేస్తున్నా, రక్తం వాంతి చేసుకున్నా వెంటనే నర్సును పిలవాలి. గుటకలు వేయడమంటే లోపల కారే రక్తాన్ని మింగుతున్నాడేమోనని అనుమానించాలి. నాలుక, గొంతు వాచి ఊపిరి బరువుగా ఉండవచ్చు. డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలమైనా క్షణం ఆలస్యం చేయవద్దు. బిడ్డను వెల్లకిల కాక పక్కకు తిప్పి పడుకోబెట్టమని చెబుతారు.

రెండవ రోజుకు బిడ్డ కాస్త తేరుకుంటాడు. అప్పుడే చాలామంది, "ఇంటికి పంపండి, పొలం పనులున్నాయి" అని తొందరపెడతారు. డాక్టరు పంపేదాకా ఉండండి. బిడ్డ తగినన్ని పాలు తాగుతున్నాడని, మూత్రం సరిగా పోస్తున్నాడని చూచిన తరువాతనే పంపుతారు.

ఇంటికి వచ్చాక మూడు వారాలు

ఇది అన్నిటికంటె ముఖ్యమైన కాలమని మా అభిప్రాయం. ఆస్పత్రిలో నర్సు ఉంటుంది, ఇంట్లో తల్లి ఒక్కతే. సుమారు మూడు వారాల వరకు ఆహారం పలుచగా, మెత్తగా, గోరువెచ్చగా ఉండాలి. జావ, పప్పునీళ్లు, మెత్తగా గిలకొట్టిన పెరుగన్నం, పాలు ఇవ్వవచ్చు. చేగోడీలు, జంతికలు, చెక్కలు, రస్కులు, చెరకు ముక్కలు ఇవ్వకూడదు. కారం అసలే వద్దు. మన వంటల్లో కారం లేనిది ముద్ద దిగదు గనుక బిడ్డకు వేరుగా వండాలి. పెద్దపిల్లలు జాలిపడి తమ చేతిలోది తమ్ముడి నోట్లో పెట్టకుండా కాపలా ఉండాలి.

చెంచా నోటి లోపలికి దూర్చకూడదు. చెంచా అంచు కింది పెదవికి ఆనించి పోయాలి. స్ట్రా, పాలపీక, బొటనవేలు, బొమ్మ ఏదీ నోట్లోకి పోకూడదు. మోచేతులు ముడవకుండా కొందరు డాక్టర్లు అట్టబద్దలు కట్టమంటారు. కట్టమంటే కట్టాలి, చెప్పినప్పుడు విప్పి చేతులు ఆడించాలి. ప్రతిసారి తిన్న తరువాత కొద్దిగా కాచి చల్లార్చిన నీళ్లు తాగించాలి. కుట్లమీద ఆహారం నిలిచి కుళ్లితే చీము పట్టి కుట్లు విడిపోతాయి. పసుపు, తేనె, నాటుమందు, ఏ పొడీ కుట్లమీద వేయవద్దు. డాక్టరు ఇచ్చిన మందులు సగంలో ఆపవద్దు. నొప్పికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

మిరప కోతకు వెళ్లివచ్చే ఆడవారికి ఒక మాట. చేతులకు అంటిన ఘాటు ఒట్టి నీళ్లతో పోదు. ముందు కొబ్బరినూనె గాని వంటనూనె గాని రుద్ది తుడుచుకొని, తరువాత సబ్బుతో రెండుసార్లు కడుక్కోవాలి. ఆ తరువాతనే బిడ్డ నోటిదగ్గర చెయ్యి పెట్టాలి.

వారం పది రోజుల తరువాత జ్వరం, నోటి దుర్వాసన, తిండి మానివేయడం, మళ్లీ రక్తం రావడం కనిపిస్తే అది కుళ్లు పట్టిన గుర్తు కావచ్చు. మళ్లీ రమ్మన్న తేదీ కోసం ఎదురుచూడక వెంటనే వెళ్లాలి. రక్తం కారుతుంటే 108కి ఫోన్ చేయాలి.

చిల్లు పడితే దారి మూసుకుపోలేదు

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా కొందరికి చిల్లు పడుతుంది. అప్పుడు తల్లిని దెప్పకూడదు, ఆపరేషన్ వృథా అయిందనుకోకూడదు. మిగిలిన అంగిలి కలిసి ఉంటే సగానికి పైగా మేలు జరిగినట్లే. చాలా చిన్న చిల్లులు కుదించుకుపోయి ఏ ఇబ్బందీ పెట్టవు. పెద్దవాటిని కొన్ని నెలలు ఆగి, కణజాలం మెత్తబడ్డాక మళ్లీ మూస్తారు. "విడిపోయింది, రేపే కుట్టండి" అంటే గాయపు అంచులు నిలవవు. ఆ కొన్ని నెలలూ తిన్న తరువాత నోరు పుక్కిలించడం, పళ్లు శుభ్రంగా ఉంచుకోవడం నేర్పాలి.

చెవులను కూడా మరువకూడదు. అంగిలి చీలిన పిల్లల్లో దాదాపు అందరికీ చెవి లోపల నీరు చేరుతుంది. వినికిడి తగ్గితే మాట సరిగా రాదు. అందుకే చెవుల పరీక్ష కూడా క్రమంగా చేయించాలి.

మాట నేర్పేవారు కావాలి

కుట్లు నిలిచినంత మాత్రాన మాట దానంతటదే రాదు. 1819లో పారిస్ నగరంలో ఫిలిబేర్ రూ అనే సర్జన్, జాన్ స్టీఫెన్సన్ అనే కెనడా వైద్య విద్యార్థి మెత్తటి అంగిలిని కుట్టాడు. అప్పటికి మత్తుమందు రాలేదు. ఆ యువకుడు మెలకువలోనే ఉండి ఓర్చుకున్నాడు. 1823లో మాంట్రియల్‌లో వైద్య పాఠశాల స్థాపించినవారిలో అతడొకడు. తరువాత అదే మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు వైద్య విభాగమైంది. నోరు చీలి పుట్టినవాడు పదిమందికి పాఠం చెప్పేవాడయ్యాడు.

కాని చాలామంది పిల్లలకు ఆపరేషన్ తరువాత స్పీచ్ థెరపీ అవసరం. చీలిక ఉన్న రోజుల్లో గొంతుతో పలికిన అలవాటు మానాలి. గాలిని నోటిగుండా వదలడం నేర్వాలి. నెలకోసారి నిపుణుని దగ్గరికి వెళ్లి, మిగతా రోజుల్లో ఇంట్లో పావుగంట సాధన చేయించాలి. "పాప", "బాబా", "కాకి", "టపటప" వంటి మాటలు అద్దం ముందు ఆటలాగా పలికించవచ్చు. కొందరికి సాధన చేసినా మాట ముక్కుతోనే వస్తే మరొక ఆపరేషన్ చేస్తారు. మాట తడబడుతుందని వెనుకాడిన మోషేకు దేవుడు అహరోనును తోడుగా ఇచ్చాడు. మన సండేస్కూలు ఉపాధ్యాయులు, బడి పంతుళ్లు ఈ పిల్లలకు అటువంటి తోడు కావాలి. వెక్కిరింపును తరగతిలోనే ఆపాలి. వాక్యం చెప్పే వంతు వచ్చినప్పుడు ఈ బిడ్డను దాటిపోక, ఓపికగా వినాలి.

సహాయం ఎక్కడ దొరుకుతుంది?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే వైద్య బృందాలు పరీక్షించే లోపాల్లో పెదవి, అంగిలి చీలికలు ఉన్నాయి. ఆశా కార్యకర్తకు చెబితే వారి ద్వారా జిల్లా కేంద్రానికి పంపుతారు. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై, 2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అనే పేరుతో నడుస్తున్న ప్రభుత్వ పథకం గురించి ఆస్పత్రి కౌంటర్‌లో అడగండి. 1999లో అమెరికాలో స్థాపితమైన స్మైల్ ట్రైన్ సంస్థ 2000 నుంచి మన దేశంలోని ఆస్పత్రులతో కలిసి ఈ ఆపరేషన్లు ఉచితంగా చేయిస్తున్నది. కేరళలోని త్రిసూర్‌లో సంఘం నడిపే జూబిలీ మిషన్ ఆస్పత్రిలో డాక్టర్ అడెన్‌వాలా 1959 నుంచి దశాబ్దాలపాటు ఇటువంటి పిల్లలకు సేవచేసి పేరుపొందారు.

సంఘం చేయగలది

ఈ నేలమీద వైద్యసేవ సంఘానికి కొత్త కాదు. 1883లో గుంటూరు చేరిన డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీలకు, శిశువులకు వైద్యం ఆరంభించారు. 1898లో ఆస్పత్రి తెరిచారు. ఒంగోలు, చీరాల, నిడుబ్రోలులోనూ మిషన్ ఆస్పత్రులు వెలిశాయి. ఈనాడు ప్రతి సంఘమూ ఆస్పత్రి కట్టనవసరం లేదు. ఆపరేషన్ ఉచితంగానే దొరుకుతోంది. దొరకనిది తల్లికి మూడు వారాల తీరిక.

పత్తి తీత, మిరప కోత రోజుల్లో ఒక్కరోజు మానితే ఆ రోజు కూలి పోతుంది. మేస్త్రి వేరొకరిని పెట్టుకుంటాడు. అందుకే తల్లి వారం తిరక్కుండానే బిడ్డను ముసలమ్మకు అప్పగించి చేలోకి దిగుతుంది. ముసలమ్మకు చూపు ఆనదు. బిడ్డ చేతికి జంతిక ముక్క చిక్కుతుంది. ఎన్నో ఇళ్లలో కుట్లకు ముప్పు వచ్చేది ఇలాగే. ఇందులో తల్లి నిర్లక్ష్యం లేదు, పేదరికం ఉంది.

మంచి సమరయుని ఉపమానాన్ని ఎన్నోసార్లు విన్నాము. అతడు గాయాలు కట్టినంతటితో తన పని అయిందనుకోలేదు. గాయపడినవానిని పూటకూళ్ల ఇంటికి చేర్చాడు, ఖర్చుకు డబ్బిచ్చాడు, తిరిగి వస్తానని మాట ఇచ్చి వెళ్లాడు. కట్టు కట్టడం ఒక్క గడియ పని. మానేదాకా చూడటమే అసలు ప్రేమ. స్త్రీల సమాజంవారు ఇటువంటి తల్లికి మూడు వారాల కూలిలో కొంతైనా సమకూర్చవచ్చు. వంతులవారీగా రోజుకొకరు వెళ్లి కారంలేని జావ కాచి ఇవ్వవచ్చు. యౌవనస్థులలో ఒకరు తేదీలు రాసుకొని, మళ్లీ చూపించవలసిన రోజున వెంట వెళ్లవచ్చు. సంఘకాపరి గృహదర్శనానికి వెళ్లినప్పుడు, ప్రార్థనతోపాటు ఆస్పత్రి కార్డు కూడా అడిగి చూడవచ్చు.

మీ సంఘంలో పుట్టిన ప్రతి బిడ్డ నోటిలోపల మొదటి వారంలోనే టార్చిలైటు వేసి చూడమని నర్సునో ఆశా కార్యకర్తనో అడగండి. చీలిక కనబడితే ఆ నెలలోనే ఉగ్గుగిన్నె, తూకపు కార్డు, డాక్టరు చిరునామా ఆ ఇంటికి చేర్చండి. ఈ సంవత్సరపు మిరప కోతలు మొదలయ్యేలోగా, ఆపరేషన్‌కు వెళ్లవలసిన బిడ్డలు ఎందరున్నారో సంఘ పెద్దలు లెక్క చూసి, ఆ తల్లుల మూడు వారాల సంగతి కమిటీలో తీర్మానించాలని మా విన్నపం. ప్రభువు ఆ చిన్నారుల నోట తన స్తుతిని స్పష్టంగా పలికించును గాక.